సాయిలన్న చివరి చరణం కోసం: దిల్‌సుఖ్‌నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా ఒక రోజు

ఈ ప్రయాణానికి కారణం కోపం. చల్లగాలి, జలపాతాలు, ఫోటోలు కావలసినవాళ్ళు వేరే బ్లాగు చూసుకోండి. నేను మన్సూరాబాద్‌లో ఫ్యాన్లకు, బోరు మోటార్లకు వైండింగు చేసే మనిషిని. పేరు అంజయ్య. పదో తరగతి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ లెక్కలే నన్ను తప్పించాయి. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక, షాపు మూసి ఇంటికి పోయే ముందు ఎల్బీనగర్ చౌరస్తాలోని దీక్షా శిబిరం దగ్గర అరగంట నిలబడి పాటలు వినడం అలవాటైంది. సోమవారం సాయంత్రం అక్కడ యాదగిరి అనే కుర్ర గాయకుడి బృందం నాకు ప్రాణమైన పాట అందుకుంది.

"వాగు పోతున్నదే లారీ ఎక్కి
మా వాగు పోతున్నదే పట్నమెక్కి
ఎవ్వడు మలిపిండో, ఎవ్వడు తోలిండో
ఎండిన చెలిమెలు నన్నడిగినయే"

ఒళ్ళు మరచి చప్పట్లు కొట్టాను. అంతలో యాదగిరి మైకు దగ్గరికి వచ్చి, "గీ పాట ఎవలు కట్టిండ్రో ఎవలికీ తెల్వది. అజ్ఞాత జానపదం" అన్నాడు. ఎవరూ కట్టకుండానే పుట్టడానికి పాటేమైనా వానకు మొలిచిన పుట్టగొడుగా? కట్టినవాడు బతికే ఉన్నాడు. అందరూ కంజిర సాయిలు అంటారు. నాకు ఉపన్యాసాలు రావు కానీ చేతులు బాగా పనిచేస్తాయి. టెంటు వెనక్కి వెళ్ళి మైకు వైరు పీకాను.

యాదగిరి పరిగెత్తుకొచ్చాడు. "ఎవడ్రా అది?"

"నేనే. కట్టినోడు ఎవలో తెల్వదని మైకుల ఒర్లుతవేంది? అది సాయిలన్న పాట."

"అన్నా, ఊరూరు తిరిగి అడిగిన. ఒక్కడు పేరు జెప్పలే. మన పాటలల్ల కట్టినోని పేరు, ఊరు ఆఖరి చరణంలనే ఉంటది గదా. గీ పాటల లేదు. నేనేం జెయ్యాలె?"

నిజమే. మా వైపు పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు చెప్పుకోవడం ఆచారం. ఈ పాటలో ఎందుకు లేదో నాకూ తెలియదు. నేను తెల్లమొహం వేయడం చూసి యాదగిరి మెత్తబడ్డాడు. "రేపు సాయంత్రం ఆరింటికి మా సీడీ అట్ట ప్రెస్సుకు పోతది. ఆలోపల సబూతు తెస్తే పేరేస్త. లేకుంటే జానపదమే." ఒక్క రోజు గడువు. నా ప్రయాణం అలా ఖాయమైంది.

సాయిలన్న పాటలు వినని దురదృష్టవంతుల కోసం కాస్త చెబుతాను. ఆయనది నల్లగొండ వైపు దుబ్బగూడెం. ఏళ్ళ తరబడి లారీ తోలాడు, తొంభైల్లో మూడు క్యాసెట్లు తెచ్చాడు. మొదటిది 'సద్దిమూట'. అన్నీ దారి పాటలే: దాబాలో ఉప్పు ఎక్కువైన పప్పు, చెక్‌పోస్టు దగ్గర చెయ్యి చాపే పెద్దమనిషి, పంక్చరైన టైరు పక్కన కూర్చుని ఇంట్లో ఉన్న పెండ్లాంతో ఊహల్లో పోట్లాట. నవ్వుకుంటూ వింటుంటే ఎక్కడో మూడో చరణంలో ఆ నవ్వు ఆగిపోతుంది. రెండోది 'వాగు'. కంజిర తప్ప వాయిద్యం లేదు. చరణంలో చివరి మాటకు ముందు ఒక్క క్షణం ఆగుతాడు, ఎత్తు ఎక్కే బండి గేరు మార్చేటప్పుడు ఆగినట్టు. ఆ తర్వాత మాట బరువుగా పడుతుంది. ఆయన పాటల్లో అంతకు మించినవి లేవు. మూడోది 'కిరాయి ఇల్లు'. ఎన్ని బిందెల నీళ్ళు వాడతావు, చుట్టాలు ఎందరొస్తారు, ఆదివారం ఏం కూర వండుతావు అని ఇంటి ఓనర్లు అడిగే ప్రశ్నలనే పల్లవిగా కట్టాడు. మాటలు అద్భుతం. కానీ ఆ పాటల మీద ఎవడో కీబోర్డు వాయించాడు. వింటుంటే వీధిలోకి ఐస్‌క్రీం బండి వచ్చినట్టుంటుంది. వాడు ఎదురైతే వేళ్ళకు వైండింగు చేస్తాను.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాను. మన్సూరాబాద్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో ఐదు రూపాయలు, అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇంకో షేర్ ఆటో పది. రెండో ఆటోలో అప్పటికే ఏడుగురం ఉన్నాం.

"జర జరుగు అన్నా, ఇంకొకరు పడ్తరు" అన్నాడు డ్రైవరు.

"ఇంకొకరు పట్టాలంటే నేను నీ ఒళ్ళె కూసోవాలె."

"కూసో. కిరాయి మాత్రం తక్కువ జెయ్య."

దిల్‌సుఖ్‌నగర్‌కే ఎందుకంటే, నా దగ్గరున్న 'వాగు' క్యాసెట్ కాపీ. దాని మీద ఉన్నది నా చేతిరాత, అది సాక్ష్యం కాదు. అసలు క్యాసెట్ ఉండాల్సింది ప్రసాదరావు గారి దగ్గర. తొంభైల్లో ఆయనకు అక్కడ క్యాసెట్ల షాపు ఉండేది. నేను అందులో మూడేళ్ళు కాపీలు తీసే పని చేశాను. సాయిలన్న పాడింది కూడా ఆ షాపు వెనక గదిలోనే. ఇప్పుడా షాపులో సెల్‌ఫోన్ కవర్లు, రీచార్జి. పైన మూడంతస్తులూ కోచింగ్ సెంటరు, మెట్ల నిండా చెప్పులు. గోడ మీద ర్యాంకు వచ్చిన పిల్లల పేరు, ఫోటో, హాల్‌టికెట్ నంబరు నిలువెత్తున వేశారు. పాట కట్టినవాడి పేరు వేలెడంత వేయడానికి మాత్రం మనకు చోటు దొరకదు.

ప్రసాదరావు గారిది కృష్ణా జిల్లా. ముప్పయ్యేళ్ళు ఇక్కడున్నా ఆయన మాట కృష్ణ దాటి రాలేదు. "ఏవోయ్ అంజీ, పదిహేనేళ్ళకి గుర్తొచ్చానా? షట్టరు మీద స్టిక్కరు చూసి వేరే వాళ్ళ షాపనుకున్నావా ఏంటి?" అన్నారు. షట్టరు మీద 'జై తెలంగాణ' స్టిక్కరు ఉంది.

"మీరే అంటించిండ్రా సార్?"

"ఎవరో అంటించి పోయారు. అద్దాలు పగలకుండా ఉంటాయిలే అని నేనూ ఊరుకున్నాను."

సంగతి చెప్పగానే లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చారు. అందులో గుడ్డలో చుట్టిన క్యాసెట్. అట్ట మీద మీసాల సాయిలన్న, చేతిలో కంజిర. పాత ప్లేయర్లో పెట్టి మొదటి పక్క చివరి పాట దాకా తిప్పారు. నా కాపీలో ఆ పాట మూడో చరణం చివర మెల్లమెల్లగా సన్నబడి ముగుస్తుంది. ఇక్కడ ముగియలేదు. కంజిర మోగుతూనే ఉంది. గేరు మార్చినట్టు ఆ చిన్న ఆగడం, తర్వాత నేను ఎన్నడూ వినని చరణం:

"తోలింది నేనే, దుబ్బగూడెం సాయిలును
కూలికి ఆశపడి వాగును మోసిన
స్టీరింగు పట్టిన చెయ్యే కంజిర పట్టె
తప్పు నాదే తల్లీ, పాటా నాదే"

ఎవ్వడు తోలిండో అని ఊరూరా వేలు చూపించుకుంటూ పాడుతున్న పాటకు, కట్టినవాడు అప్పుడే జవాబు చెప్పాడు. వేలు తన వైపే తిప్పుకున్నాడు. ఇసుకంతా ఎత్తుకెళ్ళిన లారీని తోలింది తనే.

ప్రసాదరావు గారు ప్లేయరు ఆపారు. "మీవాళ్ళు జీపుల మీద ఈ పాట పాడుకుంటూ పోతుంటే నేనిక్కడ కూర్చుని వింటుంటానయ్యా. నన్నే అడుగుతున్నట్టుంటుంది ఎవడు తోలాడో అని. మా ఊళ్ళోనూ ఇసుక లారీలెక్కింది. తోలింది మా సొంత బావమరిది."

"మరి ఈ చరణం కోసింది ఎవడు సార్? వాని చేతులు ఇరగ!" అని అరిచాను. కవర్లు కొనడానికి వచ్చిన ఆడపిల్లలు ఉలిక్కిపడ్డారు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నువ్వే" అన్నారు.

గుర్తొచ్చింది. అసలు క్యాసెట్ గంట నిడివిది. బజారులో చవగ్గా దొరికే ఖాళీ క్యాసెట్ ముప్పావు గంటది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు అదే తెచ్చి ఇందులో ఎక్కించమనేవాళ్ళు. ఒక్కో పక్క ఏడెనిమిది నిమిషాలు తక్కువ పడేది. అందుకని నేను ముందు ఒక పాట తీసేశాను, అప్పటికీ పట్టకపోతే చివరి పాటను మూడో చరణం దగ్గర ఆపాను. మాట మధ్యలో టక్కుమని తెగితే మొరటుగా ఉంటుందని, వాల్యూం మెల్లగా తగ్గించి, పాట అక్కడే అయిపోయినట్టు ముగించాను. అదో కళ అనుకున్నాను. ఆ తర్వాత ఏముందో విననైనా లేదు. వెనక సినిమా పాటలవాళ్ళు వరుసలో నిలబడి ఉండేవారు. ఆ ఒక్క కాపీ నుంచే వందల కాపీలు పోయాయి. మాట మధ్యలో తెంపి ఉంటే, ఇంకేదో ఉందని ఎవడో ఒకడు వెతికేవాడు. నేను శుభ్రంగా ముగించాను కాబట్టే ఎవరూ వెతకలేదు. ఇన్నేళ్ళుగా అభిమానినని చాతీ చరుచుకున్నాను. నిన్న యాదగిరి మైకు పీకిన చేతులు ఇవే, సాయిలన్న పేరు పీకిన చేతులూ ఇవే.

ప్రసాదరావు గారు క్యాసెట్‌తో పాటు బ్యాటరీలతో పనిచేసే చిన్న ప్లేయరు కూడా ఇచ్చారు. "ఇది ఒక్కటే మిగిలింది. జాగ్రత్త. ఈసారి వాల్యూం ముట్టుకోకు" అన్నారు.

సాయిలన్న పెద్ద అంబర్‌పేట్‌లో లారీలు తూచే ధర్మకాంటా దగ్గర పనిచేస్తున్నాడని కూడా ఆయనే చెప్పారు. పదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో హయత్‌నగర్ బస్సెక్కాను, టికెట్ పది రూపాయలు. మామూలు రోజైతే నలభై నిమిషాల్లో దిగిపోవచ్చు. ఆ రోజు హయత్‌నగర్ ఇంకా రాకముందే బస్సు ఆగింది. ముందు హైవే మీద వంటావార్పు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: రోడ్డు ఆపడానికి జనం రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తింటారు. అవతల పోలీసులు తాడు కట్టి, ఇటువాళ్ళను అటు పోనివ్వడం లేదు. గంటసేపు ఎండలో నిలబడ్డాను. పన్నెండు దాటింది. వంకాయ కూర కలుపుతున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, నీ గరిటె జరసేపు ఇయ్యి."

"గరిటె నీకిస్తే కూర నువ్వు కలుపుతవా నీ అయ్య కలుపుతడా?"

"ఇంకోటున్నది గదా. తిరిగొచ్చేటప్పుడు ఇస్త, ఒట్టు."

"ఒట్టు ఎవనిక్కావాలె? గడియారం తీసి గాడ పెట్టు."

గడియారం తాకట్టు పెట్టి, గరిటె పైకెత్తి పట్టుకుని తాడు దగ్గరికి పరుగెత్తాను. "సార్, అవతలి పొయ్యి మీద కూర మాడుతున్నది సార్!" అన్నాను. మాడిన కూర తినాల్సి వస్తుందన్న భయం ఆ కానిస్టేబుల్ ముఖంలో కనిపించింది. తాడు ఎత్తాడు. ఒక పొట్లాం కూడా అడిగాడు, సిగ్గులేని మనిషి. నాకంటే నయమే అనుకుని నడిచాను. రెండు కిలోమీటర్లు నడిచాక అవతలి వైపు ఆటోలు దొరికాయి. పెద్ద అంబర్‌పేట్‌కు పదిహేను రూపాయలు. ఒంటిగంటన్నరకు ధర్మకాంటా చేరాను.

రేకుల గది, కిటికీ, కిటికీ వెనక ఖాకీ చొక్కా. మీసాలు తెల్లబడ్డాయి కానీ అదే ముఖం. నేను పేరు చెప్పి, పాట సంగతి, సాయంత్రం ప్రెస్సుకు పోయే సీడీ అట్ట సంగతి ఎత్తాను.

"ఇన్న" అన్నాడు సాయిలన్న. "గీడికెంచే జీపుల మీద పాడుకుంట పోతుంటరు. ఆఖరి చరణం కోసేసిండ్రు. కోస్తరు మరి. తప్పు ఒప్పుకున్న ముక్క మీటింగుల ఎవలికి గావాలె తమ్మీ?"

"మరి నువ్వు పోయి పాడరాదే?"

"కంజిర ముట్టక ఏడాది దాటింది. నా తప్పు తీసేసి నా పాట నేనెట్ల పాడుత? అది పెడితేనేమో వాళ్ళకు పనికి రాదాయె. ఊకున్న."

ఆయన చేతులు కిటికీ అంచు మీద ఉన్నాయి. మనవాళ్ళే తనను అక్కర్లేదనుకున్నారని ఆ మనిషి ఏడాదిగా నమ్ముతున్నాడు. ఇంక దాచడానికి లేదు.

"సాయిలన్నా, వాళ్ళు కోయలే. వాళ్ళకు ఆ చరణమే తెల్వది. కోసింది నేను. క్యాసెట్‌ల పట్టలేదని దిల్‌సుఖ్‌నగర్ షాపుల నేనే ఆపేసిన."

కాంటా మీదికి ఒక లారీ ఎక్కింది. బరువు చూసి, చీటీ రాసి, చింపి ఇచ్చాడు. లారీ దిగి వెళ్ళింది. అప్పుడు బయటికి వచ్చి, ఆ చీటీల పుస్తకంతో నా నెత్తి మీద ఒక్కటి వేశాడు.

"మరి రెండో పక్క ఆఖరి పాట?"

"అది గూడ నేనే."

ఇంకొకటి పడింది. "సిగ్గు లేకుంట మల్ల అభిమానినని ఒచ్చినవా?"

"సిగ్గుండే ఒచ్చిన."

ప్లేయరు తీసి పాట పెట్టాను. రేకు గోడకు ఆనుకుని విన్నాడు. చివరి చరణం వచ్చేసరికి ఆయన వేళ్ళు గోడ మీద దెబ్బ వేస్తున్నాయి. "గొంతు ఎంత సన్నగుండె అప్పుడు" అన్నాడు. లోపలికి వెళ్ళి, గోడ మేకుకు వేలాడుతున్న సంచిలోంచి కంజిర తీసి, తోలు మీద తడి చెయ్యి రాశాడు. "ఎన్నింటికి పోతదంటివి అట్ట?"

మూడు గంటలకు వంటావార్పు ఎత్తేశారు, లారీలు కదిలాయి. తెలిసిన డ్రైవరు ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. దారిలో గరిటె ఇచ్చి గడియారం విడిపించుకున్నాను. అక్కడే లారీ దిగి, షేర్ ఆటోలో తలా పది ఇచ్చి, ఐదుంపావుకు ఎల్బీనగర్ టెంటు ముందు ఉన్నాం. యాదగిరి క్యాసెట్ అట్ట చూశాడు, మనిషిని చూశాడు, పాట మొత్తం విన్నాడు. లేచి సాయిలన్న కాళ్ళకు మొక్కాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"పేరేస్త అన్నా, ఇప్పుడే ప్రెస్సుకు ఫోన్ జేస్త. గానీ గా చరణం ఒద్దు. మనోడే తోలిండని మనమే పాడుకుంటే ఎట్ల? ఎదుటోడు నవ్వడా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను తెల్వక కోసిన. నువ్వు తెలిసి కోస్తున్నవ్. సీడీల జాగ లేదా? గంటకు పైనే పడతది. నాకైతే టేపు సరిపోలే, నీకేం సరిపోతలేదు?"

సాయిలన్న వెనక నిలబడి వింటున్నాడు. "పేరొద్దు బిడ్డా" అన్నాడు. "నా పేరు ఆ చరణంల ఉన్నది. చరణం ఉంటే పేరుంటది. లేకుంటే రెండూ ఒద్దు. గిప్పుడు ఒక్కపారి పాడనియ్యి, అయినంక నీ ఇష్టం."

యాదగిరి పక్కకు జరిగి దారిచ్చాడు. సాయిలన్న మైకు ముందుకు వెళ్ళాడు. డప్పులు అందుకున్నాయి. వాగు పోతున్నదే అనగానే టెంటు టెంటంతా గొంతు కలిపింది. మూడో చరణం చివర డప్పులు ఠక్కున ఆగాయి, జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకు పాట అక్కడే అయిపోతుంది. నేను దిద్దిన ముగింపు అది. ఆ చప్పట్ల మోతకు తల ఎత్తలేకపోయాను. సాయిలన్న కంజిర మాత్రం ఆపలేదు. చప్పట్లు వాటంతట అవే తగ్గేదాకా వాయిస్తూ నిలబడ్డాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పాడాడు. తోలింది నేనే, దుబ్బగూడెం సాయిలును.

అయిపోయాక ఒక్క చప్పట కూడా లేదు. చౌరస్తాలో బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. యాదగిరి నా వైపు చూశాడు, చెప్తే విన్నావా అన్నట్టు. అప్పుడు వెనక వరుసలో ఒక ఆటో డ్రైవరు లేచాడు. "నేను గూడ తోలిన సాయిలన్నా. ట్రాక్టరు. మూడేండ్లు తోలిన" అన్నాడు. ఆయన పక్కన కూర్చున్న ఆమె, "మా ఇంటాయన తోడి పోసిండు" అంది. ఇంకెవరో, ఇంకెవరో. నినాదాలు లేవు, చేతులు ఎత్తలేదు. మామూలుగా చెప్పుకుంటూ పోయారు. ఐదూ నలభైకి యాదగిరి ఫోన్ తీశాడు. "అన్నా, అట్ట మీద గా పాట పక్కన జానపదమని ఉన్నది సూడు, అది కొట్టెయ్. కంజిర సాయిలు అని రాయి. ఆఁ, పాట మల్ల రికార్డు జేస్తున్నం. నాలుగు చరణాలు."

క్యాసెట్ ప్రసాదరావు గారికి ఆ సాయంత్రమే తిరిగిచ్చాను. ఇంటికి వచ్చాక కూడా నా కోపం చల్లారలేదు, కాకపోతే ఎవరి మీద పడాలో దానికి తెలిసింది. మన దగ్గర ఎన్ని పాటల కింద జానపదం అని రాసి ఉందో లెక్క లేదు. వాటిలో ఎన్నింటిని నాలాంటి ఒకడు, పని తొందరలో, వాల్యూం మెల్లగా తగ్గించి ముగించాడో ఎవరికి తెలుసు? పాడినవాళ్ళకు ద్రోహం చేద్దామని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. అందుకే నన్ను ఎవరూ పట్టుకోలేదు. మీ ఇంట్లో పాత క్యాసెట్‌లో ఏ పాటైనా మరీ అందంగా సన్నబడి ముగుస్తుంటే, దయచేసి అనుమానించండి.

సాయిలన్నను కలవడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: పెద్ద అంబర్‌పేట్ ధర్మకాంటా దగ్గరికి ఒంటిగంటకే చేరుకుని, ఆయన అన్నం తినకముందే పాట అడగండి. తిన్నాక మాత్రం ఎవరు అడిగినా పాడడు, గోడ నీడలో గోనెసంచి పరుచుకుని నాలుగు దాకా నిద్రపోతాడు.